పెంచేది ఏ కణాన్నని? యెల్లాప్రగడ నుంచి కొవ్వు మూలకణాల దాకా

గ్రోత్ ఫ్యాక్టర్ అనే మాటకి 1930లు, 40లలో ఇప్పటి అర్థం లేదు. అప్పుడది సంకేతం కాదు, తిండి. ఒక బ్యాక్టీరియా ఏది లేకపోతే పెరగదో అదే దాని గ్రోత్ ఫ్యాక్టర్. భీమవరంలో పుట్టిన యెల్లాప్రగడ సుబ్బారావు లెడర్లీ ప్రయోగశాలలో వెంటపడింది అలాంటిదాని కోసమే. లాక్టోబాసిల్లస్ కేసీ పెరగడానికి కావాల్సిన ఆ పదార్థమే ఫోలిక్ యాసిడ్. దాన్ని కృత్రిమంగా తయారుచేసినట్టు లెడర్లీ బృందం 1945లో ప్రకటించింది. (బొంబాయి మిల్లుల్లో పనిచేసే గర్భిణుల రక్తహీనతకి ఈస్టు సారం పనిచేస్తుందని లూసీ విల్స్ 1931లోనే రాసింది. అందులో ఉన్నదీ ఇదే. ఆమె పేరు మనవాళ్లు ఎక్కువగా తలుచుకోరు.)

నాకు ఆసక్తి ఆ తర్వాతి మలుపు మీద. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ లుకేమియా పిల్లలకి ఫోలిక్ యాసిడ్ జాతి మందులు ఇచ్చి చూశాడు. జబ్బు తగ్గకపోగా జోరందుకున్నట్టు కనిపించింది. పెంచే పదార్థానికి మంచి కణం, చెడ్డ కణం అనే తేడా తెలీదు కదా! అప్పుడు లెడర్లీ నుంచి అమినోప్టెరిన్ వచ్చింది. చూడ్డానికి ఫోలిక్ యాసిడ్‌లాగే ఉండి, దాని పనికి అడ్డుపడే మందు. 1948 జూన్‌లో ఫార్బర్ వ్యాసం అచ్చైంది: 16 మంది పిల్లల్లో 10 మందికి మెరుగు. అది తాత్కాలికమేనని శీర్షికలోనే చెప్పాడు. ఆగస్టులో సుబ్బారావు చనిపోయారు.

మాట అర్థం మారింది ఆ తర్వాతే. రీటా లెవీ మోంటాల్చీని, స్టాన్లీ కోహెన్ నరాల్ని పెంచే ప్రొటీన్‌ని పట్టుకున్నారు. కోహెన్ ఇంకో ప్రొటీన్ ఎక్కిస్తే ఎలుక పిల్లలు రోజులు నిండకముందే కళ్లు తెరిచాయి. 1986లో ఇద్దరికీ నోబెల్. ఇక 2001లో పాట్రీషియా జుక్, సహచరులు లైపోసక్షన్‌లో తీసి పారేసే కొవ్వులో ఎముకగా, మృదులాస్థిగా మారగల కణాలున్నాయని చూపించారు.

ఈ కణాల్ని డిష్‌లో పెంచాలంటే పాత అర్థం, కొత్త అర్థం రెండూ కావాలి. ఎఫ్‌జీఎఫ్-2 లాంటి ప్రొటీన్ కణం పైనున్న గ్రాహకాన్ని తట్టి, లోపల సైక్లిన్ డి పెరిగేలా చేసి, ‘విభజించుకో’ అంటుంది. డీఎన్ఏ కాపీ చేయడానికి కావాల్సిన థైమిడిన్ తయారీకి మాత్రం ఫోలేట్ ఉండాల్సిందే. మా భాషలో చెప్పాలంటే ఒకటి పర్మిషన్, ఇంకోటి మెమరీ.

ఇదంతా తవ్వడానికి కారణం న్యాల్‌కల్‌లో ఉండే మా పెద్దమ్మ. ఏళ్ల తరబడి జొన్న చేలల్లో వంగిన మోకాళ్లు ఆమెవి. తమ్ముడు వాట్సాప్‌లో హైదరాబాద్ క్లినిక్ ఒకదాని కరపత్రం పంపాడు. పొట్ట కొవ్వులోంచి కణాలు తీసి, గ్రోత్ ఫ్యాక్టర్లతో పెంచి మోకాల్లో ఎక్కిస్తారట. ఫోన్‌లో పెద్దమ్మ, “మన కొవ్వే గదా బిడ్డా, ఏమైతది?” అంది.

చాలామందిని ఒప్పించేది ఆ మాటే. కొవ్వు మనదే, కానీ పెంపకం డిష్‌లో జరుగుతుంది. రెట్టింపైన కొద్దీ కణాలు ముసలివవుతాయి, క్రోమోజోముల్లో తప్పులు దొర్లొచ్చు. ఎఫ్‌జీఎఫ్ సంకేతాన్ని కొన్ని కణితులూ వాడుకుంటాయి. 2017 నాటి ఐసీఎంఆర్ మార్గదర్శకాల ప్రకారం, కొన్ని రక్త సంబంధ జబ్బులకి చేసే మూలకణ మార్పిడి తప్ప మిగతావన్నీ అనుమతి పొందిన ట్రయల్స్‌లోనే చేయాలి. ట్రయల్‌లో చేరినవాళ్ల దగ్గర డబ్బు తీసుకోకూడదు.

తమ్ముడికి మూడు ప్రశ్నలు రాసి పంపాను: ఏ ఫ్యాక్టర్ ఎన్ని రోజులు ఇస్తారు? కణాలు ఎన్నిసార్లు రెట్టింపవుతాయి? ఇది ట్రయల్ అయితే రిజిస్ట్రేషన్ నంబరేది? కరపత్రంలో ధర ఉంది, ఈ మూడూ లేవు.