ఆల్విన్ చౌరస్తా నుంచి సైబర్ టవర్స్ దాకా

మియాపూర్ దగ్గర హైవే దిగి హఫీజ్‌పేట, కొండాపూర్, కొత్తగూడ మీదుగా ఆఫీసులకు వెళ్లే కుర్రకారుకు ఆల్విన్ అంటే ఒక చౌరస్తా పేరు, కాసేపు ఆగాల్సిన చోటు. యాభై దాటిన హైదరాబాదీలను అడిగితే ఒకరు ఫ్రిజ్ అంటారు, ఒకరు చేతి గడియారం అంటారు, ఇంకొకరు డబుల్ డెక్కర్ బస్సు పై అంతస్తులో ముందు సీటు కోసం పడ్డ పోటీ గురించి చెబుతారు. ముగ్గురూ తలుచుకునేది ఒకే కంపెనీని. 1942లో నిజాం ప్రభుత్వ పారిశ్రామిక నిధి అండతో పుట్టిన హైదరాబాద్ ఆల్విన్ బస్సులకు బాడీలు కట్టేది. తొలినాళ్లలో కింద ఛాసిస్, ఇంజను బ్రిటన్‌వి. పైన కట్టిన ఇల్లు మాత్రం హైదరాబాద్ పనివాళ్లది.

హైటెక్ సిటీ కథను చాలామంది 1998 నవంబర్ 22న మొదలుపెడతారు. ఆ రోజు ప్రధాని వాజ్‌పేయి మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. అంతకుముందు ఇక్కడున్నవి బండరాళ్లు, తుప్పలు, దుర్గం చెరువు, కొన్ని పాత ఊళ్లు. ఈ లెక్క తప్పు కాదు గానీ సగమే. ఈ ఊళ్లకు మనుషుల్ని మోసుకొచ్చిన చక్రాల చరిత్ర ఇంకా వెనక్కి, గ్లాస్గో దాకా, ఆక్స్‌ఫర్డ్ దాకా పోతుంది.

1932 జూన్‌లో నిజాం స్టేట్ రైల్వే 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో రోడ్డు రవాణా మొదలుపెట్టింది. నేటి ఆర్టీసీకి మూలం అదే. అప్పటి బస్సులు గ్లాస్గోలోని ఆల్బియన్ కంపెనీవి. ఆ కంపెనీని 1951లో లేలాండ్ కొనేసింది. ఆస్టిన్ కార్లు బిగించడానికి 1948లో మొదలైన మద్రాసు కంపెనీ అశోక్ మోటార్స్, 1955లో అదే లేలాండ్ పేరును తన పేరుకు చేర్చుకుంది. సికింద్రాబాద్ నుంచి జూపార్కుకు ఊగుతూ పోయిన డబుల్ డెక్కర్లకూ ఆ ఇంటితో చుట్టరికం ఉంది. 2000ల మొదట్లో అవి రోడ్డెక్కడం మానేశాయి.

ఇక అంబాసిడర్. ఆక్స్‌ఫర్డ్ శివారు కౌలీలో తయారైన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ కారుకు, కోల్‌కతా దగ్గర ఉత్తరపారాలో హిందుస్తాన్ మోటార్స్ పెట్టిన పేరు అది. పుట్టింట్లో ఆ మోడల్ 1959లోనే ఆగిపోయింది. ఉత్తరపారాలో 2014 మే దాకా తయారవుతూనే ఉంది. అంటే సైబర్ టవర్స్ రిబ్బను కత్తిరించిన రోజున కూడా ప్రభుత్వ అధికారి ఎక్కే తెల్ల కారు 1950ల ఇంగ్లండు గీసిన బొమ్మే. లోపల కంప్యూటర్లు, బయట గుండ్రటి బానెట్టు.

అన్నేళ్లు బతకడం కారు గొప్పతనమేనా? అలా అంటే కొనుక్కున్నవాళ్లకు అన్యాయం చేసినట్టే. లైసెన్సుల కాలంలో వేరే దారి లేదు. డబ్బు కట్టి ఏళ్ల తరబడి ఎదురుచూసి, వచ్చినదాన్ని దండ వేసి ఇంటికి తెచ్చుకున్నారు. కానీ రెండో సగం కూడా చెప్పాలి. ఆ బండి ఎక్కడ ఆగినా బాగయ్యేది. షెడ్డులో ఉస్తాద్ ప్లగ్గులు విప్పి గరుకు కాగితంతో రుద్ది, కార్బురేటర్ జెట్‌లోకి నోటితో ఊది, ప్యాకింగ్ దొరక్కపోతే పాత ట్యూబు కోసి తగిలించి పంపేవాడు. సంపు పగిలితే వెల్డింగ్, మడ్‌గార్డు నొక్కుకుపోతే టింకరింగ్. స్టీరింగ్ పక్కనే గేరు రాడ్డు, ముందు కూడా పొడుగాటి బెంచీ సీటు, కాబట్టి ఐదుగురి కారులో తొమ్మిదిమంది పెళ్లికి పోయేవారు. పదో మనిషి పిల్లవాడైతే ఒడిలో లెక్క. ఇంగ్లండులో మ్యూజియం చేరిన యంత్రానికి ఇక్కడ ఆయుష్షు పోసింది ఉత్తరపారా కన్నా ఎక్కువగా ఈ షెడ్లే.

అదే కాలంలో పుట్టింట్లో ఏం జరిగిందో చూస్తే గుండె బరువెక్కుతుంది. 1950లో ప్రపంచంలో అందరికన్నా ఎక్కువ కార్లు ఎగుమతి చేసిన దేశం బ్రిటన్. 1972లో అక్కడ 19 లక్షలకు పైగా కార్లు తయారయ్యాయి. 2024లో ఆ లెక్క 8 లక్షలు కూడా దాటలేదు. 1968లో ఆస్టిన్, మోరిస్, రోవర్, ట్రయంఫ్, జాగ్వార్ అన్నిటినీ బ్రిటిష్ లేలాండ్ అనే ఒకే చూరు కిందికి తెచ్చారు. తెచ్చాక కూడా ఒకే ఇంటి కార్లు ఒకదాని గిరాకీని ఇంకొకటి లాక్కున్నాయి. సమ్మెలు ఆగలేదు, కొత్త యంత్రాలకు పెట్టాల్సిన డబ్బు పెట్టలేదు, పనితనం జారింది. ఈలోగా జపాన్ కార్లు దిగాయి. 1975లో ప్రభుత్వమే కంపెనీని చేతిలోకి తీసుకోవాల్సి వచ్చింది. తర్వాత చేతులు మారీ మారీ చివరికి మిగిలిన రోవర్‌ను 2000లో బీఎండబ్ల్యూ 10 పౌండ్లకు వదిలించుకుంది.

ఇక్కడే ఈ ఊరి కథ ఆ కథలోకి అడుగుపెడుతుంది. సైబర్ టవర్స్ తెరిచిన మరుసటి నెలే, 1998 డిసెంబరులో, టాటా ఇండికా మార్కెట్‌లోకి వచ్చింది. కొన్నేళ్లకే మాదాపూర్, గచ్చిబౌలి రోడ్ల మీద తెల్ల రంగు, పసుపు నంబరు ప్లేటు ఇండికాలు బారులు తీరాయి. అర్ధరాత్రి షిఫ్టు దిగిన అమ్మాయిని దిల్‌సుఖ్‌నగర్‌లో దించి, తెల్లవారకముందే ఇంకొకరిని కూకట్‌పల్లిలో ఎక్కించుకున్న క్యాబులవి. మహబూబ్‌నగర్, నల్లగొండ పల్లెల నుంచి వచ్చి, అప్పు చేసి ఇండికా కొని, దాని మీద పిల్లల్ని చదివించుకున్న డ్రైవర్లను ఈ ప్రాంతం బాగా ఎరుగును. అదే ఇండికాకు ముందు భాగం కాస్త మార్చి, సిటీరోవర్ అని పేరు పెట్టి, 2003 నుంచి ఎంజీ రోవర్ బ్రిటన్‌లో అమ్మింది. కార్లు పుణెలో తయారై ఓడ ఎక్కేవి. కొత్త చిన్నకారు సొంతంగా చేసుకునే శక్తి ఆ పాత ఇంటికి అప్పటికి మిగల్లేదు. అయినా నిలదొక్కుకోలేదు. 2005 ఏప్రిల్‌లో ఎంజీ రోవర్ కూలిపోయి, బర్మింగ్‌హామ్ పక్కన లాంగ్‌బ్రిడ్జిలో సుమారు 6,000 మంది రోడ్డున పడ్డారు. హెర్బర్ట్ ఆస్టిన్ అక్కడ కార్ల పని మొదలుపెట్టింది 1905లో. సరిగ్గా నూరేళ్లు. మూడేళ్ల తర్వాత, 2008లో, టాటాలు జాగ్వార్ ల్యాండ్ రోవర్‌ను ఫోర్డ్ నుంచి 230 కోట్ల డాలర్లకు కొన్నారు.

ఇప్పుడు కార్ల పని ఈ దారిలోనే వేరే రూపంలో నడుస్తోంది. హైటెక్ సిటీ రైల్వే స్టేషన్ ఎదురుగా ఇజ్జత్‌నగర్‌లో హ్యుందాయ్ ఇంజినీరింగ్ కేంద్రం, నానక్‌రామ్‌గూడలో జర్మనీ కంపెనీ జెడ్‌ఎఫ్ టెక్నాలజీ కేంద్రం ఉన్నాయి. అక్కడ చేతికి గ్రీజు అంటదు. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా-ఈ పందెం జరిగినప్పుడు జాగ్వార్ జట్టు టాటాల కంపెనీ టీసీఎస్ పేరు మోస్తూ పరుగెత్తింది. అదే వారం నగరానికి డబుల్ డెక్కర్లు కూడా తిరిగొచ్చాయి, కరెంటుతో నడిచేవి. వాటిని తయారుచేసిన స్విచ్ అనే కంపెనీ అశోక్ లేలాండ్‌దే. బ్రిటన్‌లోని ఆప్టేర్ అనే బస్సుల కంపెనీని కొని దానికి పెట్టుకున్న కొత్త పేరు అది. యార్క్‌షైర్‌లోని ఆ ఫ్యాక్టరీలో బస్సుల తయారీ ఆపేస్తున్నట్టు 2025లో ప్రకటించారు.

మాదాపూర్‌లోని శిల్పారామంలో పల్లె బతుకును మట్టి ఇళ్లతో, చేతివృత్తుల బొమ్మలతో ముద్దుగా నిలబెట్టారు. ఆ పక్కనే ఒక ఆల్విన్ బాడీ బస్సును, ఒక అంబాసిడర్‌ను, లక్షల కిలోమీటర్లు తిరిగిన ఒక ఇండికా క్యాబును కూడా నిలబెట్టాలి. సైబరాబాద్‌ను మోసినవి అవే. ఇండికాలు కూడా తుక్కుకు పోతున్నాయి, ఆలస్యం చేస్తే ఒక్కటీ దొరకదు.

మాటల్లోనైతే ఆ పాత బ్రిటన్ ఇంకా ఉంది. కొత్తగూడ దగ్గర టైరు పంక్చరైతే క్యాబ్ డ్రైవరు మొదట అనే మాట స్టెప్నీ. వేల్స్‌లోని లనెల్లీ అనే ఊళ్లో స్టెప్నీ వీధి ఉంది. కార్లకు అదనపు చక్రం ఇవ్వని ఆ రోజుల్లో, 1904లో, డేవీస్ అన్నదమ్ములు అక్కడ ఒక ఉపాయం కనిపెట్టారు. గాలి నింపిన టైరు తొడిగిన, ఊచలు లేని చక్రాన్ని పంక్చరైన చక్రానికి బిగించి నడపడం. దానికి తమ వీధి పేరే పెట్టారు. ఇప్పుడు కొన్ని ఎలక్ట్రిక్ కార్లలో అదనపు చక్రమే ఉండదు, ఒక పంక్చర్ కిట్టు ఇచ్చి సరిపెడతారు. అలాంటి కారు షాపు ముందు ఆగినా, కుర్రాడు డిక్కీ తెరిచి ముందు వెతికేది స్టెప్నీ కోసమే.