మూసారాంబాగ్ నుంచి పది మీటర్ల రేంజ్ దాకా

ఎల్బీనగర్ మెట్రోలో దిల్‌సుఖ్‌నగర్‌కు ముందొచ్చే స్టేషన్ మూసారాంబాగ్. ఆ పేరు ఫ్రెంచి సేనాని రేమండ్‌ది. రెండో నిజాం కొలువులో ఆయన సుమారు 14 వేలమంది సైన్యాన్ని ఐరోపా పద్ధతిలో తీర్చిదిద్దాడు. ఆనాటి మస్కెట్ గొట్టం లోపల నున్నగా ఉండేది, గుండు ఎటు పోతుందో నమ్మకం లేదు. అందుకే సిపాయికి గురి కన్నా ముందు వరస తప్పకుండా నిలబడి, గబగబా మందు కూరి, అందరితో కలిసి పేల్చడం నేర్పేవారు. 1798 మార్చిలో రేమండ్ కన్నుమూశాడు. ఆ అక్టోబరులోనే ఆంగ్లేయులు ఆ సైన్యం చేత ఆయుధాలు దింపించారు. ఆస్మాన్‌గఢ్ గుట్ట మీద ఆయన సమాధి ఇప్పటికీ ఉంది.

గొట్టం లోపల మెలి గాడులు కోసిన రైఫిల్ వచ్చాకే గురి ఒక్కో మనిషి సాధించుకునే విద్య అయింది. ఇక్కడ అది మొదట దొరల వేటకు దక్కింది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ పులివేటకు పేరుమోసినవాడు. ఎల్బీనగర్ దాటాక వచ్చే హరిణ వనస్థలి ఒకప్పుడు నిజాముల వేట మైదానం. సామాన్యుడి చేతికి తుపాకీ రావడానికి 1946లో మొదలైన రైతాంగ పోరాటం కావలసి వచ్చింది. వడిసెలలు తిప్పిన చేతులే భరమార్లు పట్టాయి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో వేట నేరమైంది. 1975లో ఆ వేట మైదానమే మహావీరుడి పేరుతో కృష్ణజింకలకు రక్షిత వనమైంది. ఈ మొత్తం కథలో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచే మలుపు ఇదే.

ఆ తర్వాత గురి ఆటగా నిలదొక్కుకుంది. 2003 ఆఫ్రో ఏషియన్ క్రీడల్లో, సొంత ఊరు హైదరాబాద్‌లోనే, గగన్ నారంగ్ పది మీటర్ల ఎయిర్ రైఫిల్ స్వర్ణం గెలిచాడు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో 701.1 పాయింట్లతో కాంస్యం తెచ్చాడు. 20 జౌళ్ల శక్తి మించని 0.177 ఎయిర్ రైఫిల్‌కు లైసెన్సు అక్కర్లేదు కాబట్టి, శని ఆదివారాల్లో బడి పిల్లలూ ఉద్యోగులూ నేర్చుకోవచ్చు. మొదట పెల్లెట్ వేయకుండా డ్రై ఫైర్ చేయిస్తారు. నిలబడే తీరు, ఊపిరి నిలిపే క్షణం, ట్రిగ్గర్ మీద వేలి ఒత్తిడి కుదరాలి. కొట్టాల్సిన పది పాయింట్ల చుక్క వెడల్పు అర మిల్లీమీటరే.

తూర్పు హైదరాబాద్ పిల్లలకు శిక్షణలో ఒక పూట ఈ చరిత్రకూ కేటాయించాలి. గుట్ట మీది సమాధి, వనస్థలి జింకలు రెండూ మెట్రో దారికి దగ్గర్లోనే ఉన్నాయి.