సర్వే నంబరుకు చిక్కని సాగుదారు

ఉపగ్రహ చిత్రాలు, ఈ-పంట నమోదు, ఫోనులో కనిపించే పొలం హద్దులు వచ్చాక వ్యవసాయ ప్రణాళికకు కొత్త కళ్లు వచ్చాయని అంటున్నాం. కళ్లు కొత్తవే, అవి చూసే గళ్లు మాత్రం పాతవి. 19వ శతాబ్దం రెండో సగంలో మద్రాసు ప్రభుత్వం రైత్వారీ గ్రామాలను 66 అడుగుల గొలుసుతో కొలిపించింది శిస్తు కట్టడానికే. నిజాం రాజ్యంలో సాలార్‌జంగ్ సంస్కరణల తర్వాత సాగిన సర్వే లక్ష్యమూ అదే. ఆ రెండు సర్వేల కొలతలే ఆంధ్రలో సెంట్లుగా, తెలంగాణలో గుంటలుగా నేటి సాఫ్ట్‌వేర్‌లోకీ నడిచి వచ్చాయి. జమీందారీ గ్రామాల్లో జమీందారు కట్టే పేష్కషు ఒక్క మొత్తంగా ముట్టేది కాబట్టి పొలం పొలాన్నీ కొలవాల్సిన తొందర సర్కారుకు లేకపోయింది.

కరణం అడంగల్‌లో పంట పేరూ రాసేవాడు కదా అనవచ్చు. రాసేవాడు, నిజమే. మెట్టకు ప్రభుత్వ నీరు పారితే తీర్వజాస్తి అనే అదనపు శిస్తు పడేది, మాగాణిలో రెండో పంట వేస్తే శిస్తు పెరిగేది. పంట తెలియకపోతే లెక్క తేలదు. జిల్లా పంటల గణాంకాలు ఆ రాతల మీదే నిలిచాయి. 1984లో కరణాలు, పట్వారీల వ్యవస్థ రద్దయింది. వారి పెత్తనం పోయినందుకు విచారించనక్కర్లేదు గానీ, ప్రతి ఫసలీలో చేను తొక్కి చూడాల్సిన బాధ్యత ఎవరిదన్న ప్రశ్న మాత్రం మిగిలింది.

ఆ ఖాళీని ఉపగ్రహం పూరిస్తుందన్నది బలమైన వాదనే. 1988లో ఎగిరిన భారత ఉపగ్రహం ఐఆర్‌ఎస్-1ఎ మొదటి కెమెరాకు ఒక చుక్క అంటే 72.5 మీటర్ల చదరం, సుమారు ఎకరం ముప్పై సెంట్లు. చాలామంది రైతుల చేలు ఆ చుక్కలో కలిసిపోయేవి. ఇప్పుడు సెంటినెల్-2 ఉపగ్రహం పది మీటర్ల చదరాన్ని, అంటే రెండున్నర సెంట్లను, విడిగా చూపిస్తోంది. ఏ మండలంలో ఎంత వరి పడింది, ఎక్కడ నాట్లు ఆలస్యమయ్యాయి అన్నది దీనితో బాగానే తెలుస్తుంది. విత్తనం, ఎరువు, కాలువ నీరు సర్దడానికి అది చాలు. పంట నష్టానికి పరిహారం ఇవ్వాలన్నా, అప్పు ఇవ్వాలన్నా చాలదు. ఉపగ్రహానికి వరి కనిపిస్తుంది, దాన్ని నాటించింది ఎవరో కనిపించదు.

ఆ పేరు కోసం మళ్లీ సర్వే నంబరు దగ్గరికే వెళ్తాం. అక్కడ ఉండేది పట్టాదారు. 2018లో తెలంగాణ రైతుబంధు పంటకు ఎకరాకు 4,000 రూపాయలు ఇచ్చినప్పుడు కౌలుదారుకు అందలేదు. రికార్డు యజమానిని చూపింది, డబ్బు అతనికే పోయింది. దీన్ని యంత్రం పొరపాటు అనలేం. శిస్తు ఎవరు కట్టాలో చెప్పడానికి పుట్టిన పట్టికను సాయం ఎవరికి చేయాలో అడిగితే ఇంకేం చెబుతుంది?

సాగుదారు పేరు రాస్తే భూమి చేజారుతుందన్న యజమానుల భయం ఊరికే పుట్టలేదు. హైదరాబాద్ కౌలు చట్టం, 1950 రక్షిత కౌలుదారులకు హక్కులిచ్చింది, ఆ పేర్లను తేల్చింది రికార్డులే. ఈ భయాన్ని గుర్తించే 2011 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టం యాజమాన్యానికి భంగం లేకుండా ఏడాదికో రుణ అర్హత కార్డు ఇచ్చింది. దారి అదేనని నా నమ్మకం: హక్కు పట్టిక వేరు, ఆ సీజన్ సాగు పట్టిక వేరు. ఆంధ్రప్రదేశ్ 2019 చట్టం మాత్రం కౌలు కార్డుకు యజమాని సమ్మతి అడిగింది. నోటిమాట కౌళ్లే ఎక్కువైన ఊళ్లలో ఆ ఒక్క సంతకం దగ్గరే నమోదు ఆగిపోతోంది. పటం ఎంత సూక్ష్మమైనా ఆ సంతకాన్ని పెట్టించలేదు.