పెట్టెలోని పనికి వెలుపల దీపము

తిరుచానూరు, తిరుమల ఆలయముల గోడలమీది ప్రాచీన శాసనములను చదివినవారికి ఒక సంగతి వెంటనే తెలియును. తొలినాటి శాసనములలో అనేకము దీపములను గూర్చినవే. పల్లవ దంతివిక్రమవర్మ యేలుబడిలో, అనగా 9వ శతాబ్దపు పూర్వభాగమున, చోళనాటివాడైన ఉలగప్పెరుమానార్ అను నాతడు తిరుచానూరిలో ఒక దీపమును పెట్టించినట్లు శాసనము కలదు. సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి గారు శ్రమకోర్చి ఈ శాసనములను చదువగా, దేవస్థానమువారు 1930ల నుండి వానిని సంపుటములుగా ప్రకటించిరి.

ఆ కాలమున దీపము పెట్టించుట యనగా ఒక ప్రమిద నిచ్చి చేతులు దులుపుకొనుట కాదు. నేయి ఎవరు తేవలెను, ఏ యాదాయము నుండి తేవలెను, తప్పినచో ఎవరు జవాబు చెప్పవలెను, ఇవి యన్నియు నిర్ణయింపవలెను. దక్షిణదేశపు ఆలయములలో ఒక్క అఖండదీపమునకు 96 గొఱ్ఱెల నిచ్చు వాడుక యుండెను. అరవ శాసనములు వానికి చావని ముదియని గొఱ్ఱెలని పేరు పెట్టినవి. చచ్చినదాని స్థానమున పిల్ల వచ్చి చేరుచుండును గనుక మందకు చావు లేదట! గొఱ్ఱెల కాపరులకు ఈ లెక్క ఎంత కష్టముగా తోచెనో శాసనము చెప్పదు.

ఇంత ఏర్పాటు చేసినను తప్పులు జరుగక మానలేదు. రాజేంద్రచోళుని 7వ పాలనా సంవత్సరమున, అనగా 1019 ప్రాంతమున, ఒక రాజాధికారి విచారణ జరిపెను. తిరుమల దేవునికి 24 దీపములు వెలిగింతుమని సొమ్ము పుచ్చుకొన్న తిరుముండియము సభవారు రెండింటిని మాత్రమే వెలిగించుచున్నట్లు తేలెను. అధికారి ఆ సొమ్మును దేవుని భండారమునకు చేర్పించి, ఇకమీద దీపములన్నియు అచ్చటి నుండియే వెలుగవలెనని కట్టడి చేసెను. దీపమిచ్చినవాడు ఒకడు, వెలిగించువాడు వేరొకడు, దానిని చూచి పని సాగుచున్నదని నమ్మువాడు మఱియొకడు. ఈ మువ్వురిలో దీపముపై అధికారము ఎవరిది యన్నదే ఆనాటి తగవు.

అదే తగవు మన కాలమున మఱియొక దీపము విషయమున వచ్చినది. అది గోరంత దీపము. ల్యాప్‌టాప్ కంప్యూటరు ముందు అంచున వెలుగునది. 2006లో ఆ దీపముపై అధికారము యంత్రము చేసినవాని చేతినుండి దానిని వాడుకొనువాని చేతికి వచ్చిన చరిత్రయే నేటి ప్రసంగ విషయము. దీనిని గూర్చి పెద్దలకు చెప్పవలసిన పని యేమని అడుగవచ్చును. మన పాసుపుస్తకములు, పింఛనుల పట్టికలు, చెరువు నీటి వంతులు ఇప్పుడు ఆ పెట్టెలలోనే యున్నవి. 2019లో గ్రామ సచివాలయములు వచ్చినది మొదలు ఊరూర కంప్యూటరు కనబడుచున్నది. పెట్టెలో వ్రాత సాగుచున్నదో లేదో వెలుపలివానికి తెలియుట చిన్న సంగతి కాదు.

కంప్యూటరు మన కోమటి దుకాణపు పద్ధతినే అనుసరించును. వర్తకుడు వచ్చిన బేరమునెల్ల ముందు చిట్టాలో గీకికొని, తీరిక చూచుకొని ఆవర్జాకు ఎక్కించును. కంప్యూటరునకు చిట్టా దాని మెమరీ. కరెంటు పోయిన అది తుడుపుడు పలకయే. ఆవర్జా డిస్కు, కరెంటు పోయినను అందలి వ్రాత నిలుచును. మీరు సేవ్ అను బొత్తాము నొక్కినంత మాత్రమున వ్రాత ఆవర్జాకు ఎక్కినదని తలపరాదు. లినక్స్ అను వ్యవస్థలో మామూలు ఏర్పాటు ప్రకారము వ్రాత సుమారు 30 సెకండ్లు చిట్టాలోనే యుండవచ్చును. మా ఊరిలో చెరువు నీటి వంతుల పట్టిక వ్రాయుచున్న యువకుడొకడు సేవ్ చేసితినని నిశ్చింతగా నుండగా, బ్యాటరీ చెడిన ఆ పాత ల్యాప్‌టాప్ కరెంటు పోయిన మరుక్షణమే ఆరిపోయెను. పట్టికలో సగము కనబడలేదు. మరునాడు మడవ దగ్గర ఎవరి వంతు ముందన్న మాట గొడ్డలి కామల దాక వచ్చినది. సేవ్ చేసిన పిమ్మట డిస్కు దీపము మినుకుమినుకుమని వెలిగి ఆరువరకు చూచుట తెలిసియున్న, ఆ అరనిమిషము ఆతడు వేచియుండెడివాడు.

పూర్వము ఈ బాధ తక్కువ. డిస్కు పుట్టినది 1956లో. అమెరికాలో ఐబీఎమ్ సంస్థవారు చేసిన ర్యామాక్ యంత్రమున రెండేసి అడుగుల వెడల్పు గల పళ్లెములు 50 తిరుగుచుండెడివి. అన్నియు కలిసి 50 లక్షల అక్షరములను పట్టెడివి. అంత యంత్రము పనిచేయుచున్నదో లేదో చెప్పుటకు దీపమేల? 1983 నాటికి అదే సంస్థవారి ఎక్స్‌టీ యను బల్లమీది కంప్యూటరులో దాదాపు కోటి అక్షరములు పట్టు డిస్కు ఇమిడినది. అదియు పనిచేయునపుడు కటకటలాడెడిది. చెవి గలవానికి ఆ చప్పుడే కబురు. నిక్ హోలోన్యాక్ 1962లో కంటికి కనబడు ఎఱ్ఱని వెలుగునిచ్చు ఎల్‌ఈడీని చేసి చూపిన తరువాత ఇట్టి చిన్న దీపములు చవుకయై యంత్రములకెల్ల అమరినవి. ఇప్పటి డిస్కులలో చాలవానికి తిరుగు పళ్లెమే లేదు, చప్పుడు లేదు. దీపము మిక్కిలి అవసరమైన ఈ కాలముననే తయారీదారులు అందము పేరిట దానిని తీసివేయుచున్నారు. ఇది నాకు నచ్చని నాగరికత.

ఆపిల్ సంస్థవారి ఐబుక్, పవర్‌బుక్ అను ల్యాప్‌టాప్‌లకు డిస్కు దీపము లేకుండెను. ముందు అంచున ఒక తెల్లని దీపము మాత్రముండెను. యంత్రము నిద్రించునపుడు అది ఊపిరి తీసి విడుచుచున్నట్లు మెల్లగా పెరిగి తరిగెడిది. ఆ ఊపిరి వంటి వెలుగునకు ఆ సంస్థ 2003లో అమెరికాలో పేటెంటు హక్కును పొందినది. మేలుకొని యున్నంతసేపు ఆ దీపమునకు చెప్పుకోదగిన పని లేదు. ఇంటిలో దీపముండియు చీకటిలో అన్నము తినినట్లు!

ఆ యంత్రములమీద లినక్స్‌ను నడుపువారికి ఈ లోటు కనబడినది. లినక్స్ నడుమ నున్న గింజకు కెర్నెల్ అని పేరు. ఫిన్లాండు దేశపు విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ 1991లో దానిని ప్రకటించెను. కెర్నెల్ లోపల ఒక్కొక్క పరికరమునకు ఒక్కొక్క డ్రైవరు ఉండును. ఏనుగు నెరిగిన మావటివాని వలె ఆ పరికరము మాట వినునట్లు చేయుట దాని పని. ఆపిల్ యంత్రముల డిస్కును నడపు డ్రైవరులో చాలకాలము ఒక ఏర్పాటుండెను: డిస్కు కదలినపుడు ముందు దీపమును మినుకుమనిపించుట. కాని కెర్నెల్‌ను కూర్చునప్పుడే ఔనో కాదో నిర్ణయింపవలెను. ఔనన్న నెల్లప్పుడు మినుకును. కాదన్న నెన్నడును మినుకదు. మార్చవలెనన్న కెర్నెల్‌ను మరల మొదటి నుండి కూర్పవలెను. అది శిలమీద చెక్కిన వ్రాత వంటిది. చెక్కినవాడు ఒకడు, దానితో కాపురము చేయవలసినవాడు వేరొకడు.

2006 జూనులో వెలువడిన 2.6.17 అను సంచికతో ఈ స్థితి మారసాగెను. జాన్ లెంజ్ ముందు చేసియుంచిన పనిని ఆధారముగా కొని రిచర్డ్ పర్డీ అను నాతడు దీపములకొక ప్రత్యేక శాఖను కెర్నెల్‌లో ఏర్పరచెను. షార్ప్ సంస్థవారి జారస్ అను అరచేతి యంత్రములు ఆ పనికి మూలము. ఆతడు చేసినది వినుటకు స్వల్పము: దీపమును, దీపము వెలుగుటకు కారణమును విడదీసెను. దీపము ఒక పేరు. కారణము వేరొక పేరు. కారణమునకు వారు ట్రిగ్గరు అని పేరిడిరి. డిస్కు కదలిక ఒక ట్రిగ్గరు, గడియారము ఒకటి, యంత్రముపై భారము హెచ్చినకొలది త్వరగా కొట్టుకొను గుండె వంటిది మఱియొకటి. ఏ దీపమునకు ఏ ట్రిగ్గరును ముడివేయవలెనో యజమాని యిష్టము. తర్కశాస్త్రమున ధర్మమును ధర్మి నుండి విడదీసి చూచుట మేము బాల్యముననే నేర్చితిమి గాని, ఆ విభాగము ఇనుపపెట్టెలో ఇంత ఉపకరించునని మా గురువులు కలగనియుండరు.

ఆ సంవత్సరముననే జర్మనీ దేశస్థుడైన యోహానెస్ బెర్గ్ ఐబుక్, పవర్‌బుక్‌ల ముందు దీపమునకు క్రొత్త డ్రైవరును వ్రాసి దానిని పర్డీ శాఖలో చేర్చెను. అందలి చమత్కారమును కొంచెము నిలిచి చూడవలెను. ఆ దీపము ప్రధాన యంత్రపు చేతికి నేరుగా అందదు. బ్యాటరీ, నిద్ర, మెలకువ మొదలగు వ్యవహారములు చూచుటకు పీఎంయూ అను చిన్న చిప్పు వేరుగ నున్నది. దీపము వెలిగింపవలెనన్న దానికి చీటి పంపవలెను. అది నిదానపు సేవకుడు. డిస్కు ఒక్క సెకండులో పలుమారులు కదలును. కదలినప్పుడెల్ల చీటి పంపినచో సేవకుని ముందు చీట్లు గుట్టపడి, వెలుగు పనికంటె వెనుకబడును. కావున బెర్గ్ డ్రైవరు ఒక్క చీటినే పంపును. దానికి జవాబు వచ్చులోపల ఎన్ని కోరికలు వచ్చినను చివరిదానిని మాత్రమే జ్ఞాపకముంచుకొనును. జవాబు రాగానే దానిని పంపును. యంత్రము నిద్రించునపుడు చీటియే పంపదు. అనగా ఆ దీపము ప్రతి కదలికను లెక్కించి చూపునది కాదు. పని సాగుచున్నదా, ఆగినదా అన్న ముఖ్య సంగతిని మాత్రము ఆలసింపక చెప్పును. సాక్షి అన్నియు చెప్పనక్కరలేదు, పాతమాట చెప్పకున్న చాలును.

మఱి వాడుకొనువాడు దానిని మార్చుటెట్లు? బెల్ ప్రయోగశాలలో 1969లో పుట్టిన యూనిక్స్ సంప్రదాయము ప్రకారము లినక్స్‌లో పరికరములు కూడ ఫైళ్ల వలె కనబడును. ఈ దీపమునకును ఒక ఫైలు కలదు. దానిని చదివిన ట్రిగ్గరుల పేర్లు వరుసగా కనబడును. ఇప్పుడు అమలులో నున్న పేరు చదరపు కుండలీకరణములలో నుండును. వేరొక పేరును ఆ ఫైలులో వ్రాసిన ఆ క్షణము నుండి దీపము భాష మారును. కెర్నెల్‌ను కూర్పనక్కరలేదు, యంత్రమును ఆపి మరల నడపనక్కరలేదు. అయితే ఆ ఫైలులో వ్రాయు హక్కు అందఱికి లేదు. యంత్రమునకు అధికారియైన వాడే వ్రాయవలెను. ఇది యుక్తమే. దారిన పోవువాడు వచ్చి దీపమునకు క్రొత్త అర్థము చెప్పిన ఇక దానిని నమ్ముటెట్లు? ఏమియు చెప్పకున్నను మొదటి నుండియే డిస్కు కదలికను చూపునట్లు చేయు ఏర్పాటు కూడ కెర్నెల్ కూర్పులో నుంచిరి. పాత వాడుకకు అలవాటుపడినవారిని చీకటిలో విడువరాదను ఈ మర్యాద నాకు మిక్కిలి మెచ్చదగినదిగా తోచినది.

నా పూర్వ శిష్యుడొకడు అమెరికా నుండి వచ్చినపుడు తన పాత ఐబుక్‌లో లినక్స్ పెట్టి నాకిచ్చెను. మా చుట్టుపట్ల శాసనముల నకళ్లను నేను దానిలో వ్రాసికొంటిని. ఆతడు ప్రక్కన కూర్చుండి చెప్పగా ఆ ఫైలులో ఒక్క మాట వ్రాసితిని. దీపము మినుకుట మొదలిడెను. పేజీ ముగియగనే సేవ్ చేసి, దీపము వెలిగి ఆరినదాక చేతులు కట్టుకొని కూర్చుండుట నాకు అలవాటైనది. ఇంటివారు దీనిని నా సంధ్యావందనములలో ఒకటిగ లెక్కించిరి. దీపము ఆరియున్నంత మాత్రమున పని పూర్తియైనదని మాత్రము అనుకొనరాదు. చిట్టాలోని వ్రాత ఇంకను బయలుదేరకయు నుండవచ్చును. వెలిగి ఆరిన దీపము వేరు, వెలుగనే వెలుగని దీపము వేరు.

ఈ పద్ధతి ల్యాప్‌టాప్‌లతో ఆగలేదు. 2015లో మన సత్యవేడు ప్రాంతపు శ్రీసిటీలో షావోమీ ఫోనులను కూర్చుట ప్రారంభమైనది. మన మండలముల ఆడపిల్లలు అనేకులు ఆ కర్మాగారములో పనికి కుదిరిరి. ఆ ఫోనులలో నడచు ఆండ్రాయిడ్ కూడ లినక్స్ కెర్నెల్ మీదనే నిలిచినది. అయితే అచ్చట ఆ ఫైలు తలుపు తాళము సాధారణముగా కొనినవాని చేతిలో లేదు, తయారీదారు చేతిలోనే యున్నది. తిరుముండియము సభవారి కథ నాకు ఇచ్చట మరల జ్ఞప్తికి వచ్చుచున్నది.

ఇక ఆ ట్రిగ్గరు సంగతి. పర్డీ దానికి పెట్టిన పేరులో ఐడీఈ అను ఆనాటి డిస్కుజాతి పేరు కలసియుండెను. కాలక్రమమున ఆ జాతి డిస్కులు వెనుకబడి క్రొత్తవి వచ్చినవి. 2016లో స్టెఫాన్ లింజ్ అను నాతడు దానిని ఏ జాతి డిస్కుకైనను చెల్లు డిస్కు కదలిక అను క్రొత్త పేరునకు మార్చెను. కాని పాత పేరును చెరిపివేయలేదు. పది సంవత్సరములుగా జనులు తమ యంత్రములలో ఆ పేరునే వ్రాసియుంచుకొనిరి గనుక, ఎవరి దీపమును ఆరిపోకుండుటకై పాత పేరు వ్రాసినను వెలుగునట్లే యుంచెను.