కంప్యూటర్ ప్రగతి మందగించిందా? 2004 నాటి మలుపు: చారిత్రక పరిశీలన

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరవాత మీరు:
• మూర్ సూత్రం ఏమి చెప్పిందో, ఏమి చెప్పలేదో వివరించగలుగుతారు.
• 2004 ప్రాంతంలో ప్రాసెసర్ వేగం ఎందుకు నిలిచిపోయిందో కారణాలతో చర్చించగలుగుతారు.
• ప్రగతి మందగించిందనే వాదాన్ని ఆధారాలతో అంచనా వేయగలుగుతారు.

1. పరిచయం

1990లలో కంప్యూటర్ కొన్నవారిని అడిగి చూడండి. మూడు నాలుగేళ్లు తిరిగేసరికి అది పాతబడిపోయేదని, కొత్త ప్రోగ్రాములు దాని మీద నడిచేవి కావని చెబుతారు. ఇప్పుడు ఏడెనిమిదేళ్ల నాటి కంప్యూటర్ మీద కూడా ఉత్తరాలు రాసుకోవచ్చు, లెక్కలు చూసుకోవచ్చు. మరోవైపు, యంత్రానికి చేతకాదనుకున్న అనువాదం, ముఖాల గుర్తింపు వంటి పనులను చేతిలోని ఫోను చేసిపెడుతున్నది. మరి ప్రగతి మందగించినట్లా, పుంజుకున్నట్లా? దీనికి జవాబు చెప్పే ముందు, మనం దేన్ని కొలుస్తున్నామో తేల్చుకోవాలి. అందుకు కొంత చరిత్ర తెలియాలి.

2. మూర్ అంచనా

1965 ఏప్రిల్‌లో ఫెయిర్‌చైల్డ్ సెమీకండక్టర్ సంస్థ పరిశోధన విభాగం డైరెక్టర్ గోర్డన్ మూర్ 'ఎలక్ట్రానిక్స్' పత్రికలో ఒక చిన్న వ్యాసం రాశారు. అతి తక్కువ ఖర్చుతో ఒక చిప్ మీద అమర్చగల విడిభాగాల సంఖ్య ఏటా రెట్టింపవుతున్నదని, 1975 నాటికి అది 65,000కు చేరుతుందని అంచనా వేశారు. 1975లో ఆ గడువును రెండేళ్లకు సవరించారు. ఇదే మూర్ సూత్రంగా పేరు పొందింది.

ఇక్కడ రెండు విషయాలు గమనించండి. మొదటిది, ఈ సూత్రం చెప్పింది విడిభాగాల సంఖ్య గురించి, ఖర్చు గురించి. ప్రాసెసర్ వేగం గురించి కాదు. రెండవది, ఇది గురుత్వాకర్షణ వంటి ప్రకృతి సూత్రం కాదు. పరిశ్రమ దీన్ని తన లక్ష్యంగా పెట్టుకుని, దానికి తగినట్లు పెట్టుబడులు పెట్టి నిజం చేసింది. 1971లో ఇంటెల్ 4004లో 2,300 ట్రాన్సిస్టర్లు ఉండేవి. 1978 నాటి 8086లో 29,000, 1993 నాటి పెంటియంలో 31 లక్షలు ఉన్నాయి.

3. డెనార్డ్ సూత్రం

మరి వేగం ఎలా పెరిగింది? 1974లో ఐబీఎం సంస్థకు చెందిన రాబర్ట్ డెనార్డ్, ఆయన సహచరులు దీనికి ఆధారం చూపారు. ట్రాన్సిస్టర్ కొలతలు తగ్గించినప్పుడు దానికిచ్చే వోల్టేజిని కూడా అదే నిష్పత్తిలో తగ్గించవచ్చు. అప్పుడు అది మరింత వేగంగా పనిచేస్తుంది. అంతే వైశాల్యంలో ఎక్కువ ట్రాన్సిస్టర్లు పట్టినా, చిప్ వేడి మాత్రం పెరగదు. అంటే చిన్నదనం, వేగం, చవక మూడూ కలిసి వచ్చాయి. దాదాపు మూడు దశాబ్దాల పాటు ఇవి విడిపోలేదు. అందుకే మూడింటినీ కలిపి 'ప్రగతి' అని ఒకే మాటతో పిలవడం మనకు అలవాటయింది.

4. 2004లో ఏం జరిగింది?

ట్రాన్సిస్టర్ మరీ చిన్నదయ్యాక లోపలి బంధక పొర మందం కొద్ది పరమాణువులకు చేరింది. ఆపివేసి ఉన్నప్పుడు కూడా దానిగుండా విద్యుత్తు కారిపోసాగింది. వోల్టేజిని ఇంకా తగ్గించే వీలు లేకపోయింది. 2004 నాటి పెంటియం 4 ప్రాసెసర్లు 100 వాట్లకు మించి విద్యుత్తు తీసుకున్నాయి. వంద వాట్ల బల్బు వేడి బొటనవేలి గోరంత ముక్కలో పుడితే ఎలా ఉంటుందో ఊహించండి. ఆ ఏడాదే ఇంటెల్ 'తేజస్' అనే తరవాతి ప్రాసెసర్‌ను, 4 గిగాహెర్ట్జ్ పెంటియం 4 ఆలోచనను విరమించుకుంది.

1978లో 5 మెగాహెర్ట్జ్ ఉన్న వేగం 2004కు 3.8 గిగాహెర్ట్జ్ అయింది. అంటే 26 ఏళ్లలో 760 రెట్లు. మరో 20 ఏళ్లకు, 2024లో, ఇంటెల్ అత్యంత వేగవంతమైన డెస్క్‌టాప్ ప్రాసెసర్ అందుకున్న గరిష్ఠ వేగం 6.2 గిగాహెర్ట్జ్. ఇది రెండు రెట్లు కూడా కాదు.

అయితే ట్రాన్సిస్టర్ల సంఖ్య ఆగలేదు. 2004 నాటి పెంటియం 4లో 12.5 కోట్ల ట్రాన్సిస్టర్లు ఉండగా, 2020లో ఇంచుమించు అంతే వైశాల్యం గల ఆపిల్ ఎం1 చిప్‌లో 1,600 కోట్లు ఉన్నాయి. అంటే 2004లో ఆగిపోయింది మూర్ సూత్రం కాదు, డెనార్డ్ సూత్రం.

5. తరవాతి మార్గాలు

వేగం పెంచలేక కంపెనీలు ఒకే చిప్‌లో రెండు, నాలుగు, ఎనిమిది కోర్లు అమర్చాయి. దీనికీ హద్దు ఉంది. నారు పెరగడానికి 25 రోజులు, ఒక్కరే నాట్లు వేయడానికి 10 రోజులు పడతాయనుకుందాం. పదిమంది కూలీలను పెడితే నాట్లు ఒక రోజులో ముగుస్తాయి. కాని 35 రోజుల పని 26 రోజులకే తగ్గుతుంది. వందమందిని పెట్టినా నారు పెరిగే 25 రోజులు తగ్గవు. జీన్ ఆమ్‌డాల్ 1967లో చెప్పిన సూత్రం సారాంశం ఇదే.

దీని ప్రభావాన్ని జాన్ హెన్నెసీ, డేవిడ్ ప్యాటర్సన్ లెక్కగట్టారు. 1986 నుంచి 2003 వరకు ప్రాసెసర్ పనితీరు ఏటా సుమారు 52 శాతం పెరిగింది. 2015 తరవాత అది 3.5 శాతానికి పడిపోయింది. మొదటి లెక్కన పనితీరు రెండేళ్లలోపే రెట్టింపవుతుంది. రెండవ లెక్కన రెట్టింపు కావడానికి సుమారు 20 ఏళ్లు కావాలి.

రెండవ మార్గం ప్రత్యేక చిప్‌లు. ఒకే రకమైన చిన్న లెక్కలను వేల సంఖ్యలో ఒకేసారి చేయవలసిన పనులకు కోర్ల హద్దు అంతగా అడ్డురాదు. 2012లో టొరంటో విశ్వవిద్యాలయ పరిశోధకులు వీడియో ఆటల కోసం తయారైన రెండు గ్రాఫిక్స్ కార్డులతో 'అలెక్స్‌నెట్' అనే బొమ్మల గుర్తింపు నమూనాకు శిక్షణ ఇచ్చారు. నేటి కృత్రిమ మేధ విస్తరణకు అది నాంది పలికింది.

ఇక చిన్నదనం కూడా సులువుగా రావడం లేదు. చిప్‌లో ట్రాన్సిస్టర్ల సాంద్రత రెట్టింపు చేయడానికి 1970ల తొలినాళ్లతో పోలిస్తే ఇప్పుడు 18 రెట్లకు పైగా పరిశోధకులు అవసరమవుతున్నారని 2020లో ఆర్థికవేత్తలు లెక్కించారు.

6. సారాంశం

ప్రగతి ఆగలేదు, చీలిపోయింది. అన్ని పనులకూ ఒకేలా అందిన వేగం 2004 ప్రాంతంలో నిలిచింది. చిన్నదనం కొనసాగుతున్నా దాని ఖర్చు పెరుగుతున్నది. కొన్ని ప్రత్యేకమైన పనుల్లో మాత్రం ముందడుగు జోరుగా ఉంది. అందుకే ఒకే సంవత్సరం గురించి మందగించిందన్నవారి మాటా, పుంజుకున్నదన్నవారి మాటా నిజం కావచ్చు.

కంప్యూటర్ రంగంలోకి రాబోయే మీకు ఇందులో ఒక పాఠం ఉంది. ఒకప్పుడు ప్రోగ్రాము నెమ్మదిగా నడిస్తే, వచ్చే ఏటి యంత్రం దాన్ని వేగవంతం చేసేది. ఆ రోజులు పోయాయి. ఇప్పుడు ఆ వేగాన్ని ప్రోగ్రాము రాసేవారే సాధించుకోవాలి.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. మూర్ సూత్రానికి, డెనార్డ్ సూత్రానికి గల తేడా ఏమిటి?
2. కోర్ల సంఖ్య పెంచినంత మాత్రాన పని అదే నిష్పత్తిలో ఎందుకు వేగవంతం కాదు? మీ అనుభవంలోని ఉదాహరణతో వివరించండి.
3. 'కంప్యూటర్ ప్రగతి మందగించింది.' ఈ వాక్యాన్ని మీరు ఎంతవరకు సమర్థిస్తారు?