ఇంకా పుట్టని కవలలు

నడిరాత్రి వెలుగోడు రిజర్వాయరు కట్ట మీద ఒక్కడివే నిలబడు. ముందు 16.95 టీఎంసీలు పట్టే జలాశయం. అవతల నల్లమల చీకటి. అయినా ఆత్మకూరు రోడ్డు మీద ఏ లారీయో హారన్ కొడుతుంది. మనిషున్నాడని ధైర్యం. ఆ లారీని తీసెయ్యి. నంద్యాలను తీసెయ్యి. మనుషులందరినీ తీసెయ్యి.

ఇప్పుడు నువ్వు డేవ్ లిస్టర్‌వి. కాళ్ల కింద రెడ్ డ్వార్ఫ్ అంతరిక్ష నౌక ఇనుప నేల వణుకుతోంది. దొంగచాటుగా పిల్లిని తెచ్చావని నిన్ను కాలం కదలని గదిలో పెట్టారు. బయట రేడియేషన్ లీకై అందరూ పోయారు. అది తగ్గాక హోలీ అనే కంప్యూటర్ నిన్ను లేపేసరికి 30 లక్షల ఏళ్లు గడిచిపోయాయి. తోడెవరు? ఆ లీకులో చచ్చిపోయినవాళ్లలో ఒకడు, రిమ్మర్. వట్టి వెలుతురు బొమ్మ, భుజం మీద చెయ్యి వేద్దామన్నా తగలడు. ఇంకొకడు ఆ పిల్లి వంశంలో మిగిలినవాడు. వాడికి తన సోకు తప్ప ఏదీ పట్టదు.

నౌక కాంతి వేగాన్ని దాటుతోంది. జరగబోయేవి ముందే కళ్ల ముందు మెరిసి మాయమవుతున్నాయి. రిమ్మర్ పరుగున వస్తాడు. “నువ్వు పేలుడులో చచ్చిపోవడం చూశాను!”

తప్పించుకోగలవా? పిల్లివాడి పన్ను విరగడం నువ్వూ ముందే చూశావు. అదిగో, మరచేపను కొరకబోతున్నాడు. ఆపాలని మీద పడతావు. నీవల్లే పన్ను విరుగుతుంది.

హోలీ పిలుస్తుంది. దారి చూపే కంప్యూటర్ వేడెక్కింది. ఆపకపోతే నౌకే ఉండదు. వెళ్తావా? వెళ్తావు. చెయ్యి చాస్తావు. లాగుతావు.

బతికే ఉన్నావు.

గదిలో ఓ ముసలాయన. వయసు 171. నువ్వే! రిమ్మర్ చూసింది నీ చావు కాదంటాడు. నీ కొడుకు బెక్స్‌లీది.

కొడుకా? నీకు కొడుకున్నాడని, వాణ్ని పోగొట్టుకుంటావని ఒకే మాటలో తెలిసింది. 1988లో బీబీసీ టీవీలో వచ్చిన ఈ ‘రెడ్ డ్వార్ఫ్’ కథ రాసిన రాబ్ గ్రాంట్, డగ్ నేలర్ అప్పటిదాకా పొట్ట చెక్కలయ్యేలా నవ్వించి, ఇక్కడ గుండె పట్టుకుంటారు. నాకు ఆ ధైర్యమే ఇష్టం.

కెమెరా తీసుకుని వైద్యశాలకు పొమ్మంటాడు ముసలాయన. పరుగెత్తు! తలుపు తెరుచుకుంటుంది. ఎదురుగా మళ్లీ నువ్వే, రెండు చేతుల్లో ఇద్దరు పసివాళ్లతో. జిమ్, బెక్స్‌లీ. నౌకలో ఆడమనిషే లేదు, ఎలా పుట్టారు? తర్వాత చూద్దాం. కెమెరా ఎత్తు. నొక్కు!