చేతితో చేసిన శుభాకాంక్షల పత్రం

చేతితో చేసిన శుభాకాంక్షల పత్రం లేదా చేతి గ్రీటింగ్ కార్డు అనగా పండుగ, జన్మదినం, వివాహం, పరీక్షలో విజయం వంటి సందర్భాలలో ఆత్మీయులకు ఇచ్చేందుకు కాగితం, రంగులు, గుడ్డముక్కలు, ఎండిన ఆకులు మొదలైన వాటితో ఇంటిలోనే తయారు చేసుకొనే పత్రం. ఒకటి కంటే ఎక్కువ రకాల పదార్థాలను కలిపి వాడినప్పుడు దానిని మిశ్రమ మాధ్యమం లేదా మిక్స్‌డ్ మీడియా పని అంటారు. అంగడిలో కొన్న కార్డు చాలావరకు పండుగతో పాటే పాతబడుతుంది. చేతితో చేసినదానిని అందుకున్నవారు పెట్టె అడుగున ఏళ్ల తరబడి దాచుకుంటారు. కనుక అందంతో పాటు మన్నిక కూడా ఇందులో ముఖ్యమైన అంశం. తయారు చేసేవారు తరచు మరచిపోయేది ఈ రెండవదానినే.

చరిత్ర

ఐరోపాలో వాలెంటైన్ దినాన ప్రేమలేఖలు వ్రాసుకొనే ఆచారం చాలా పాతది. 1477లో మార్జరీ బ్రూస్ అనే యువతి తనకు కాబోయే భర్త జాన్ పాస్టన్‌కు వ్రాసిన లేఖ నేటికీ బ్రిటిష్ లైబ్రరీలో భద్రంగా ఉన్నది. 1840లో బ్రిటన్‌లో పెన్నీ తపాలా విధానం అమలులోకి వచ్చి ఉత్తరం ఖర్చు తగ్గడంతో శుభాకాంక్షలు పంపుకొనేవారు పెరిగారు. 1843లో హెన్రీ కోల్ కోరికపై జాన్ కాల్‌కాట్ హార్స్‌లీ అనే చిత్రకారుడు గీసినది మొట్టమొదటి వాణిజ్య క్రిస్మస్ కార్డుగా పేరు పొందింది. దానిని సుమారు వేయి ప్రతులు అచ్చు వేసి, ఒక్కొక్కటి ఒక షిల్లింగుకు అమ్మారు. ఇక్కడ గమనించవలసినది ఏమనగా, అచ్చులో వచ్చినవి గీతలు మాత్రమే, రంగులు చేతితో అద్దినవే. అనగా అచ్చు కార్డు కూడా పుట్టుకలో సగం చేతిపనియే.

అమెరికాలో ఈ పనిని ఒక వృత్తిగా మలచినది ఎస్తర్ హౌలాండ్ (1828–1904). మసాచుసెట్స్ రాష్ట్రంలోని వూస్టర్ పట్టణంలో ఆమె తండ్రికి కాగితాలు, పుస్తకాల దుకాణం ఉండేది. ఇంగ్లాండు నుండి వచ్చిన ఒక వాలెంటైన్ పత్రాన్ని చూసి, తాను అంతకంటే బాగా చేయగలనని ఆమె నమూనాలు తయారు చేసింది. సోదరుడు వాటిని వ్యాపార యాత్రలో వెంట తీసుకువెళ్లగా, రెండువందల డాలర్ల పని దొరికితే చాలుననుకున్న ఆమెకు ఐదువేల డాలర్లకు మించిన కోరికలు వచ్చాయని చెబుతారు. ఆమె స్నేహితురాండ్రను పిలిచి ఇంటిలోనే బల్ల చుట్టూ కూర్చోబెట్టి పని పంచింది. ఒకరు బొమ్మలు కత్తిరిస్తే, మరొకరు పొరలు పేర్చేవారు, ఇంకొకరు అంటించేవారు. అల్లిక వంటి తెల్ల కాగితం క్రింద రంగు కాగితపు బిళ్లను ఉంచి, అల్లిక రంధ్రాలలో ఆ రంగు కనిపించేలా చేయడం ఆమె పద్ధతిగా చెప్పబడుతుంది. నేటి మిశ్రమ మాధ్యమపు కార్డులలో పొరల అమరికకు ఇది పూర్వరూపమే.

కాగితపు ముక్కలతో చిత్రం చేయడంలో ఇంగ్లాండుకు చెందిన మేరీ డెలానీ (1700–1788) పేరు తప్పక చెప్పుకోవాలి. ఆమె తన 72వ ఏట ఈ పని ప్రారంభించి, సుమారు పదేళ్లలో, చూపు మందగించే వరకు, వేయికి కొద్దిగా తక్కువ పూల చిత్రాలను చేసింది. నల్లని కాగితంపై సన్నని రంగు కాగితపు ముక్కలను అంటించి, కొన్నింటిలో నిజమైన ఆకులను కూడా చేర్చింది. ఇవి బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. వృద్ధాప్యంలో చేతిపని మొదలుపెట్టడానికి సందేహించేవారికి ఈమె మంచి ఉదాహరణ. ఆ తరువాత 1912లో పికాసో తన చిత్రంలో నూనెగుడ్డను, అంచుగా తాడును వాడిన నాటి నుండి ఇటువంటి మేళవింపు చిత్రకళలో కూడా స్థానం సంపాదించుకున్నది.

1949లో యునిసెఫ్ విడుదల చేసిన మొదటి కార్డుకు మూలం కూడా ఒక చిన్నారి చేతిపనియే. యుద్ధానంతరం తమ ఊరికి అందిన సహాయానికి కృతజ్ఞతగా చెకోస్లొవేకియాకు చెందిన ఏడేళ్ల యిట్కా సామ్కోవా, కాగితం దొరకనందున, గాజుపలకపై ఆ బొమ్మ వేసింది.

తెలుగునాట

తెలుగువారి శుభలేఖకు నాలుగు మూలలా పసుపు పూసి, కుంకుమ అద్ది ఇవ్వడం అచ్చు పత్రానికి ఇంటివారి చేతిగుర్తును చేర్చడమే. నూతన సంవత్సరం, సంక్రాంతి, ఉగాదికి కార్డులు పంపుకొనే అలవాటు సెల్‌ఫోను సందేశాలు వచ్చిన తరువాత బాగా తగ్గింది. చేతితో చేసే అలవాటు మాత్రం పాఠశాలల్లో నిలిచి ఉన్నది. అయితే ఒకే నమూనాను తరగతి మొత్తం చేత నకలు చేయించడం, పిల్లల అక్షరదోషాలను దిద్ది మళ్లీ వ్రాయించడం ఈ పని ఉద్దేశానికే విరుద్ధం. అమ్మమ్మకు అందవలసినది మనుమరాలి చేతివ్రాత, ఉపాధ్యాయుని చేతివ్రాత కాదు.

తయారీ విధానం

చదరపు మీటరుకు 200 నుండి 300 గ్రాముల బరువు గల దళసరి కాగితం అనుకూలం. ఎ4 కాగితాన్ని సగానికి మడిస్తే ఎ5, ఎ5 పరిమాణపు అట్టను మడిస్తే ఎ6 (105 × 148 మి.మీ.) కార్డు వస్తుంది. దళసరి కాగితాన్ని నేరుగా మడిస్తే మడత వద్ద పగులుతుంది. సిరా అయిపోయిన బాల్‌పెన్నుతో, స్కేలు ఆనించి ముందుగా గీత నొక్కాలి. కాగితంలోని పీచు సాగిన దిశలోనే మడత రావాలి. ఏ దిశలో సులువుగా వంగితే అదే పీచు దిశ.

అలంకరణకు ఇంటిలో దొరికేవి చాలును. బెండకాయను అడ్డంగా కోసి రంగులో అద్దితే ఐదు రేకుల పువ్వు పడుతుంది. బంగాళాదుంపను చెక్కి అచ్చుగా వాడవచ్చు, జపానులో నూతన సంవత్సరపు కార్డులకు ఇది ప్రసిద్ధ పద్ధతి. చీర అంచు ముక్కలు, జరీ, అద్దాలు, చమ్కీలు, పాత శుభలేఖల బొమ్మలు కూడా పనికివస్తాయి. రావి ఆకును కొన్ని వారాలు నీటిలో నానబెట్టి, కుళ్లిన కండను మెత్తని కుంచెతో తొలగిస్తే ఈనెల జాలి మిగులుతుంది. దానిని పుస్తకంలో నొక్కి ఆరబెట్టి, పైన రంగులు వేసుకోవచ్చు. ప్లాస్టిక్ మెరుపుల పొడి కడిగిన నీటితో కాలువలలో కలుస్తుంది. యూరోపియన్ యూనియన్ 2023లో దీని అమ్మకంపై పరిమితులు విధించింది.

మన్నిక

వార్తాపత్రిక కాగితంలో లిగ్నిన్ అనే పదార్థం మిగిలి ఉంటుంది. వెలుతురు, గాలి తగిలితే అది పసుపుపచ్చగా మారి పెళుసెక్కుతుంది. కనుక దానిని నేపథ్యంగా అంటించిన కార్డు త్వరగా పాడవుతుంది. సెల్లోటేపు కొన్నేళ్లకు జిగురు కారి గోధుమరంగు మరకను వదులుతుంది. స్కెచ్ పెన్నుల రంగులు చాలావరకు నీటిలో కరిగేవి, ఎండకు వెలిసేవి. పసుపు రంగు కూడా ఎండలో నిలవదు. బొగ్గు మసితో చేసిన నల్ల సిరా మాత్రం వెలవదు. అందుచేత ముఖ్యమైన మాటలను ఆ సిరాతో వ్రాయడం మంచిది.

మైదా ఉడికించిన జిగురు కాగితానికి చక్కగా పట్టును గాని, పుస్తకాలను తినే రామబాణపు పురుగులను ఆకర్షిస్తుంది. దీనిని నివారించుటకు జిగురులో మైలుతుత్తం కలిపే అలవాటు ఉన్నది. అది విషపదార్థం, పిల్లల చేతికి ఇవ్వరాదు. ఫెవికాల్ వంటి తెల్లజిగురును పలుచగా పూసి, బరువు క్రింద ఉంచి ఆరనిస్తే కాగితం ముడత పడదు. పప్పులు, ఆవాలతో చేసిన చిత్రాలు చూడముచ్చటగా ఉన్నా, పురుగు పట్టడం ఖాయం. వాటిని దాచుకొనే కార్డులకు వాడకపోవడమే ఉత్తమం.

తపాలాలో పంపునప్పుడు తపాలా బిళ్ల పడే కుడివైపు పై మూలలో పూసలు, అద్దాలు ఉండరాదు, ముద్ర దెబ్బకు పగులుతాయి. కవరులో ఒక అట్టముక్క ఉంచాలి.

భద్రపరచునప్పుడు కార్డులను ఎండ, తేమ తగలని చోట, ఒక్కొక్కదాని మధ్య తెల్ల కాగితం పెట్టి, పడుకోబెట్టి ఉంచాలి. వేడితో చేసే లామినేషన్‌ను తరువాత తొలగించడం సాధ్యం కాదు. ఆకులు, జరీ ఉన్న కార్డులను అది నలిపివేస్తుంది. కార్డు వెనుక చేసినవారి పేరు, వయసు, తేదీ, ఎవరికి ఇచ్చినదో పెన్సిలుతో వ్రాయాలి. పెన్సిలు గీత వెలవదు, వెనుకవైపు ఊరదు. "ప్రేమతో, చిన్ని" అని మాత్రమే ఉన్న కార్డు ఒక తరం గడిచిన తరువాత ఎవరిదో ఇంటివారే చెప్పలేరు.